ఇసురురాయి దగ్గర ఇద్దరం

ఎమ్మిగనూరులో మా వీధికి ఆ బోధకుడు వచ్చింది యుద్ధకాలంలో. జొన్న కోతలు అయిపోయి, కళ్ళాలు ఖాళీగా ఉన్న రోజులవి. నేను కాపురానికి వచ్చి రెండేళ్ళు దాటింది. అయిదో నెల కడుపుతో ఉన్నాను.

ఆయన బళ్ళారి వైపు నుంచి వచ్చారు. సన్నటి మనిషి, మెత్తటి గొంతు. చంకలో పొడుగాటి గుడ్డచుట్ట ఒకటి. దాన్ని మా ప్రార్థన గుడి గోడకు మేకులు కొట్టి విప్పితే మనిషంత ఎత్తు బొమ్మ బయటపడింది. తల బంగారం, రొమ్ము వెండి, పొట్ట ఇత్తడి, కాళ్ళు ఇనుము, పాదాలు మాత్రం సగం ఇనుము, సగం మట్టి. వెనకటికి ఒక రాజు కల గని మరిచిపోతే, ప్రవక్త ఆ కలనూ దాని అర్థాన్నీ చెప్పిన వైనం వేదపుస్తకంలో ఉంది కదా, ఆ బొమ్మే అది. ఆయన వెదురు బెత్తంతో తల దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క రాజ్యం పేరు చెబుతూ కిందికి దిగి, కాలివేళ్ళ దగ్గర ఆగారు.

"లోకం ఇప్పుడు ఎక్కడుందో తెలుసా? ఇదిగో, ఇక్కడ. ఈ గోళ్ళ కాడ ఉంది," అన్నారు.

అందరం ఆ గోళ్ళ వైపు చూశాం. మా వాళ్ళంతా నేతపనివాళ్ళు. ఇనుమూ మట్టీ అతకవన్న మాట వాళ్ళకు తొందరగానే అర్థమైంది. ముందు వరసలో కూర్చున్న ఒక ముసలాయన, "నూలు, మేకెంట్రుక కలిపి పేనినట్లన్న మాట," అన్నాడు. బోధకుడు ఆ మాటకు ఎంతో సంతోషించి, తరువాతి రోజు తన ప్రసంగంలో దాన్నే వాడుకున్నారు.

వరసగా కొన్ని సాయంత్రాలు చెప్పారు. దేశం మీదికి దేశం లేవడం, అదను తప్పిన వానలు, కిరసనాయిలు దొరకకపోవడం, నూలు కోసం మా మగవాళ్ళు అంగడి అంగడీ తిరగడం, ఆదోని స్టేషనులో రైళ్ళ నిండా సిపాయిలు, అన్నిటినీ ఆయన ఆ బొమ్మ కాలివేళ్ళకు ముడివేశారు. భయపెట్టాలని చెప్పలేదాయన. మాకోసం కన్నీళ్ళు పెట్టుకున్నారు. రెండేళ్ళ తరువాత మళ్ళీ వచ్చినప్పుడు ఒక వేలికి పెట్టిన రాజ్యం పేరు మార్చవలసి వచ్చింది. "నేను తొందరపడినాను," అని అందరి ముందూ ఒప్పుకున్నారు. అంత మాట అనగలిగిన మనిషి నోట వాక్యం విన్నందుకు నేను ఈనాటికీ దేవునికి స్తోత్రం చెబుతాను.

కడపటి సాయంత్రం ఆయన రెండు మాటలు చెప్పారు. ఒకటి, ప్రభువు తిరిగి వచ్చే దినాలలో కడుపుతో ఉన్నవాళ్ళకూ, చంటిపిల్లల తల్లులకూ కలిగే కష్టం గురించి. అది వినగానే పక్కనున్న ఆడవాళ్ళు నా వైపు చూసి చూపు తిప్పుకున్నారు. రెండోది, పొలంలో ఇద్దరు మగవాళ్ళుంటే ఒకరిని ప్రభువు పైకి తీసుకుపోవడం, ఒకరిని విడిచిపెట్టడం. ఒకే తిరగలి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు విసురుతుంటే ఒకామెను తీసుకుపోవడం, ఒకామెను విడిచిపెట్టడం.

మా మగవాళ్ళు మగ్గం గుంతలో ఒంటరిగా కూర్చునేవాళ్ళు. పొలం మాట సేద్యగాళ్ళను ఉద్దేశించి చెప్పిందని వాళ్ళు అనుకున్నట్టున్నారు. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ నడుమ కట్టిన చాపకు ఇవతల మాత్రం అందరమూ విసిరేవాళ్ళమే. పసిపిల్లల్ని జోకొట్టే చేతులు కూడా ఆగిపోయాయి.

తిరగలిని మా వైపు ఇసురురాయి అంటాం. జొన్న తిండి మాది. పూటపూటకూ పిండి కావాలి. పెద్ద రాయి కనుక ఒకరు తిప్పితే రెక్కలు పోతాయి. ఎదురెదురుగా ఇద్దరు కూర్చుని, ఒకే పిడి పట్టుకుని, ఒకరు లాగి ఒకరు తోస్తే రాయి నీళ్ళలో పడవలాగా తిరుగుతుంది. మా ఇంట్లో ఆ ఇద్దరం అత్తా నేనూ. మామ నేను రాకముందే పోయారు. మా అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. కాపురం ఎట్లా చేయాలో నాకు చెప్పిన మనిషి అత్త ఒకతే, చెప్పింది ఆ రాయి దగ్గరే. పిడి మీద ఆమె చెయ్యి కింద, నా చెయ్యి పైన. ఎడమచేత్తో ఆమె గుప్పెడు గుప్పెడు జొన్నలు రాతి నోట్లో పోసేది. పాట ఆమె ఎత్తుకుంటే నేను అందుకునేదాన్ని. పాట లేనప్పుడు మాటలు. మా ఇంటాయనకు ఉప్పు ఎంత వేయాలో, ఏ ఇంటివాళ్ళకు ఏ ఇంటివాళ్ళతో పొసగదో, ఆమె కని పోగొట్టుకున్న ఇద్దరు పిల్లల ముఖాలు ఎట్లా ఉండేవో, అన్నీ నేను అక్కడే విన్నాను. రోజు మొత్తంలో నాకు ఇష్టమైన వేళ అదే.

బోధకుడు వెళ్ళిపోయిన మరుసటి పొద్దున నేను ఎప్పటిలాగా పీట తీసుకుని పోయేసరికి అత్త ఒకతే కూర్చుని రెండు చేతులతో రాయి లాగుతోంది.

"నువ్వు పోయి పొయ్యి సూడు," అన్నది తల ఎత్తకుండా.

"పొయ్యి ఇంగా అంటించలేదత్తా."

"అంటించు పో మరి."

ఆ పొద్దున వీధిలో మా వాళ్ళ ఏ ఇంట్లోనూ పాట వినిపించలేదు. అన్ని ఇళ్ళలోనూ రాయి ఆగి ఆగి తిరిగింది. గుప్పెడు పోయడానికి ఆపడం, మళ్ళీ లాగడం. ఇద్దరుంటే ఒకరు మిగిలిపోతారు కదా, ఇద్దరు ఎందుకుండాలి? మా వీధి ఆడవాళ్ళకు తోచిన ఉపాయం అది.

మగవాళ్ళకు ఇంకొకటి తోచింది. పడుగు పొట్టిది వేద్దామని ఒకరిద్దరు అన్నారు. నాలుగు చీరల పడుగు మగ్గం మీదికి ఎక్కించి నేసి దించడమంటే వారాల తరబడి పని. నడుమ ప్రభువు వస్తే? మా ఇంటాయన మాత్రం ఎప్పటి పొడవే వేసుకున్నారు. "సగం సీర మగ్గం మీద ఉంటే ఉండనీ. నేత ఎట్లుందో ఆయన గూడా సూసి పోతాడు," అన్నారు. ఆయన అంతే. ఏ సంగతీ ఆయనకు బరువుగా ఉండేది కాదు.

ఒక వారం పోయేసరికి ఆడవాళ్ళ భుజాలు నొప్పెత్తాయి. అప్పుడు ఎవరికో ఇంకా మంచి ఉపాయం తట్టింది. మా గోడపక్క ఇంట్లో ఒకామె ఉండేది. వాళ్ళు మా సంఘం కాదు. ఏడాదికొకసారి తప్పకుండా మంత్రాలయం పోయి తుంగభద్రలో మునిగి వచ్చే మనిషి. అత్తా ఆమే ఒకరినొకరు వదినే అని పిలుచుకునేవాళ్ళు. మా వీధి ఆడవాళ్ళు ఒక్కొక్కరే గంప పట్టుకుని ఆమె గడప ఎక్కడం మొదలుపెట్టారు, ఇసరడానికి తోడు రమ్మని. ఆమెతో కూర్చుంటే ఇద్దరిలో ఎవరు మిగిలేదీ ముందే తెలిసిపోయినట్టే కదా.

ఆమె మొదట సంబరపడింది. తరువాత అనుమానపడింది. ఒక పొద్దున మా గడప దగ్గరికి వచ్చి, నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏంది వదినే, మీ సంఘం ఆడోళ్ళకు నా మీద ఉన్నట్టుండి ఇంత ప్రేమ పుట్టింది? మీలో మీకు మనుసులు తక్కువైనారా?"

నేను దాచలేక ఉన్నదంతా చెప్పాను. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చివరిదాకా విన్నది.

"అంటే మీరంతా పైకి పోతారు. నేను ఈడ్నే రాయి పట్టుకొని కూసోని ఉంటా. దానికి నన్ను పిలుస్తాండారు."

"అట్ల కాదు వదినే," అన్నది అత్త మెల్లగా.

"అట్లనే ఉంది. పోనీలే, మీరు పోతే పిండంతా నాదే గదా." అని నవ్వింది. నవ్వు ఆగినాక కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఎవర్ని ఏం జేసేదో దేవునికి తెలుసు. నాకు రాయికాడ మాటలకు మనిషి గావల్ల. పిలిస్తే పోతా. కానీ నీ కోడలు కడుపుతో ఉంది, దాన్ని పక్కన కూసోబెట్టుకుంటే నీకేమొచ్చె? రాయి మీద ఒక చెయ్యి వేసినా నీకు బరువు తగ్గదా?"

ఆమె వెళ్ళిపోయినాక అత్త చాలాసేపు గడప మీదే కూర్చుంది. "ఆయమ్మను మనోళ్ళు అట్ల జేయకూడదు. అది తప్పు," అన్నది. మరుసటి పొద్దున మాత్రం మళ్ళీ ఒకతే రాయి ముందు కూర్చుంది.

నాకు దిగులు పట్టుకుంది. కడుపుతో ఉన్నవాళ్ళ మాట విన్నప్పటి నుంచి నేను ఆమె కళ్ళకు అచ్చిరానిదాన్ని అయ్యాననుకున్నాను. నా పక్కన కూర్చుంటే నా వల్ల తానే మిగిలిపోతానేమోనని భయపడుతోందనుకున్నాను. మగదిక్కు లేక, కొడుకును పెంచుకుని, నన్ను తెచ్చుకున్న మనిషి. ఆమె నన్ను దూరం పెడితే నాకు ఆ ఇంట్లో ఇంక ఏముంది? ఏ రోజూ ఒక కటువు మాట అనలేదు ఆమె. గిన్నెలో పెద్ద రొట్టె నాకే వేసేది. రాయి దగ్గరికి మాత్రం రానిచ్చేది కాదు.

అట్లా ఉండగా ఒకరోజు ఆమె కుడిచెయ్యి పైకి లేవలేదు. భుజం వాచింది. ఇంట్లో పిండి లేదు. నేను రాయి దగ్గరికి పోబోతే పడుకున్నచోటు నుంచే, "వద్దు. ఒట్టిమనిషివి కావు, ఒగదానివే లాగలేవు. నా మాట ఇను," అన్నది. ఆ రాత్రి జొన్నలు ఉడికించి గుగ్గిళ్ళు పెట్టాను. అవి కూడా ఆలస్యమయ్యాయి. మా ఇంటాయన నములుతూ, "ఎద్దులకు గూడా ఇంత పొద్దుపోయి పెట్టరు," అన్నారు. నవ్వుతూనే అన్నారు. అత్త మాత్రం గోడ వైపు తిరిగి పడుకుంది.

మరునాడు మధ్యాహ్నం ఆయన మగ్గం మీద ఉన్నప్పుడు, ఉప్పు వేయించి గుడ్డలో మూటకట్టి ఆమె భుజానికి కాపడం పెడుతూ అడిగేశాను.

"అత్తా, నేను పక్కన కూసుంటే నువ్వు మిగిలిపోతావని భయమా?"

ఆమె ముఖం తిప్పి నన్ను చూసింది. ఆశ్చర్యమే కానీ కోపం లేదు ఆ చూపులో.

"నేను మిగిలిపోతే నాకేం భయమే? మిగిలి మిగిలి అలవాటైంది నాకు. ఇద్దరు బిడ్డలు పోయిరి, మొగుడు పోయె, నేను మిగిలితి. అది కాదు. నన్ను తీసకపోయి నిన్ను ఇడిసిపెడితే? కడుపుతో ఉన్నోళ్ళకు ఆ దినాల్లో కష్టమని గూడా సెప్పె గదా ఆయన. నీకు తల్లి లేదు. కాన్పు సేసే చెయ్యి ఎవరిది? ఇద్దరం ఒగ రాయికాడ ఉంటేనే గదా ఒగరు పోవల్లనేది. నేను ఒగదాన్నే ఉంటే నిన్ను ఇడిసిపెట్టే లెక్కలోకి ఎవరూ తీసుకోరు."

ఇన్నాళ్ళూ ఆమె ఒంటరిగా రాయి లాగింది అందుకు. ఉప్పుమూట చల్లారిపోయిందని ఆమే గుర్తుచేసింది.

దాన్ని మళ్ళీ వేడి చేయడానికి పొయ్యి దగ్గరికి పోయినప్పుడు నాకు మా నాయన గుర్తుకొచ్చారు. నేను బడికి పోలేదు. ఆదోనిలో నాయన దూది మిల్లు పనికి పోయేముందు అరుగు మీద కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించేవారు. ఇంట్లో ఉన్న ఒకే పుస్తకంలో చదివించేవారు. కష్టమైన మాట వచ్చి నేను బెదిరిపోతే, "సంబంధం సూసేకి పోతే పిల్లోని ఒగన్నే సూసి వస్తామా తల్లీ? ఈ పక్కింట్లో అడుగుతాం, ఆ పక్కింట్లో అడుగుతాం. వాక్యానికీ అంతే. పైన ఏముంది, కింద ఏముంది, సదువు," అనేవారు. బోధకుడు ఆ సాయంత్రం ఆ రెండు మాటలే చదివి పుస్తకం మూశారు. చీకటి పడిందని, దీపంలో నూనె లేదని. నేనూ తరువాత తెరిచి చూడలేదు. భయమేసి చూడలేదు.

మూట భుజం మీద పెట్టి, పుస్తకం తెచ్చుకుని ఆమె పక్కన కూర్చున్నాను.

పైనుంచి చదివాను. జలప్రళయానికి ముందు జనం తింటూ తాగుతూ పెళ్ళిళ్ళు చేసుకుంటూ ఉన్న వైనం. కడుపుతో ఉన్నవాళ్ళ మాట దానికీ పైన ఉంది, అదీ చదివాను. అత్త కళ్ళు మూసుకుని విని, "ఈడ శాపమేమీ లేదే. ప్రభువుకు మనమీద జాలి," అన్నది. తరువాత పొలంలో ఇద్దరు. రాయి దగ్గర ఇద్దరు.

"ఆ ఇద్దరిలో ఎవరు మంచోళ్ళంట?" అని అడిగింది.

"అది రాయలేదత్తా. మంచిదనీ చెడ్డదనీ ఏమీ రాయలేదు. ఇద్దరూ ఇసరతాండారు, అంతే."

"ఆయన వచ్చేదాంక ఇసరతానే ఉన్నారా?"

"ఇసరతానే ఉన్నారు."

"భయపడి రాయి ఇడిసిపెట్టి పోలేదా ఎవరూ?"

"పోలేదత్తా."

ఆమె ఊఁ అన్నది. నేను కిందికి పోయాను. దొంగ వచ్చే వేళ ఇంటి యజమానికి తెలిస్తే మెలకువగా ఉండేవాడన్న మాట వచ్చింది. ఆ కింద, ఒక పెద్ద ఇంట్లో పనిమనిషి సంగతి. యజమాని ఊరికి పోతూ ఇంటివాళ్ళకు వేళకు తిండి పెట్టమని అతనికి అప్పగించి పోతాడు. తిరిగి వచ్చినప్పుడు అతను ఆ పనే చేస్తూ కనబడితే, అతను ధన్యుడు.

"ఇంగోసారి సదువు," అన్నది అత్త.

మళ్ళీ చదివాను.

"ఇంతేనా? పొద్దుగాల పొద్దుగాల లేసి కొండెక్కి కూసోమన్లేదా? ఉపాసాలుండమన్లేదా?"

"ఈడ లేదు. ఇంటోళ్ళకు వేళకు తిండి పెట్టమనే ఉంది."

ఆమె మెల్లగా లేచి కూర్చుంది. వాచిన చేతిని ఒళ్ళో పెట్టుకుని వాకిలి వైపు చూసింది. పక్కగదిలో మగ్గం చప్పుడు వినబడుతోంది.

"రాత్రి నా కొడుకు గుగ్గిళ్ళు తిన్యాడు. అదీ పొద్దుపోయినాక," అన్నది. ఇంకొంచెం ఆగి, "నిన్న ప్రభువు వచ్చింటే నేను గోడ తట్టు తిరుక్కొని పండుకొని ఉంటిని," అన్నది.

ఎవరు పోతారో ఎవరు ఉంటారో నాకు తెలియదు. ఆ బొమ్మ కాలివేళ్ళు ఏ రాజ్యాలో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. అది తెలిసినవాళ్ళు ఉండవచ్చు, వాళ్ళకు దేవుడు ఇంకా వెలుగు ఇవ్వాలని కోరుకుంటాను. నాకు ఆ మధ్యాహ్నం దొరికింది ఒక గడప లోపలి వెలుగు మాత్రమే, అది నాకు చాలింది.

"జొన్నలు తీసకరా పో," అన్నది అత్త.

"నీ చెయ్యి..."

"ఎడం చెయ్యి ఉంది గదా. నువ్వు కొంచెం తొయ్యి, నేను కొంచెం లాగుతా. ఎంత నలిగితే అంత."

నా పీటను ఆమే కాలితో జరిపి గోడకు దగ్గరగా వేసింది, నడుము ఆనించుకోవడానికి. రోజూ తాను కింద పట్టుకునే పిడిని ఈసారి పైన పట్టుకుంది. చేతులు మారేసరికి మొదట రాయి అడ్డదిడ్డంగా కదిలింది. ఇద్దరమూ నవ్వుకున్నాం. గుప్పెడు నేను పోశాను. ఎక్కువ పోశానని ఆమె తిట్టింది.

నాలుగు చుట్లు తిరిగినాక, "అత్తా, ఇప్పుడు ఆయన వస్తే?" అన్నాను. ఊరికే అన్నాను, ఆమె ఏమంటుందో వినాలని.

"రానీ. నేనే అడుగుతా. సామీ, ఈ పిల్లకు ఇంగా నెలలు నిండలేదు, ఎవర్ని తీసకపోయినా నీ ఇష్టం, ఎవరో ఒగరు మిగలల్లంటే మమ్మల్ని ఇద్దరినీ మిగిల్చి, కాన్పయినాక రా అంటా. ఇంట్లో పెద్దోళ్ళ మాట ఇనకుండా పోతాడా?"

అట్లా మాట్లాడవచ్చునా అని నాకు లోపల కొంచెం బెరుకు కలిగింది. కానీ అంత చనువుగా ఆయనతో మాట్లాడగలిగిన మనిషి పక్కన కూర్చున్నందుకు, బెరుకు కంటే సంతోషమే ఎక్కువగా కలిగింది. నెలలు నిండినాక నేను ఆదోనికి పోలేదు. నాయనకు కబురు పంపి, ఎమ్మిగనూరులోనే ఉంటానన్నాను. నా బిడ్డను మొదట పట్టుకున్నది అత్త చేతులే. అది తరువాతి మాట.

ఆ సాయంత్రం దీపాలు పెట్టకముందే రొట్టెలయ్యాయి. మా ఇంటాయన మగ్గం గుంతలోంచి లేచి వచ్చి, చేతులు కడుక్కుంటూ రొట్టెల వైపు చూశారు.

"ఈపొద్దు పిండి ఎవరిచ్చిరి?"

"నీ పెండ్లాము, నేను," అన్నది అత్త. "దేవునికి స్తోత్రం సెప్పి తిను. సల్లారిపోతాది."